పద్దెనిమిదో తేదీ సంతకం

ఏప్రిల్ 14, మంగళవారం

సిగ్నె ఫిన్లండ్ నుంచి వచ్చేసింది. పన్నెండు వారాల్లో పిల్ల భుజాలు వెడల్పయ్యాయి. బురద బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి, మేజోళ్లతో నా బల్ల దాకా నడిచొచ్చి ఫైలు పెట్టింది.

"అన్నీ అయిపోయాయి టీచర్."

పాత కిటికీ చట్రాల మరమ్మతు. ఆరు అంశాలకీ అక్కడి మేస్త్రి ఒకటే మాట రాశాడు: ఎవరి సాయమూ లేకుండా చేయగలదు. ఆరుసార్లు రాశాడు. బద్ధకస్తుడైతే మొదటిదాని కింద గీతలు గీసి ఊరుకునేవాడు.

నాలుగేళ్లుగా ఈ ప్రాజెక్టు సంచీ భుజాన వేసుకుని నేను చెబుతున్నది ఇదే కదా. పిల్లలు ఏ దేశంలో నేర్చుకున్నా నేర్చుకున్నట్టే, అక్కడిచ్చిన క్రెడిట్ ఇక్కడ చెల్లాలి, మళ్ళీ పరీక్ష పెట్టకూడదు, ఒకరి మాట ఒకరు నమ్మాలి. మా లాట్గలె ప్రాంతంలో అందరూ తలూపేవాళ్లే తప్ప ఒక్క పిల్లనైనా పంపినవాళ్లు లేరు. మొదట పంపింది నేను. మొదట వెళ్ళింది సిగ్నె.

జూన్‌లో వడ్రంగం ఆఖరి పరీక్ష. నిజంగానే ఆఖరిది. ఆ తర్వాత మా బళ్ళో ఆ విభాగాన్ని మూసేస్తున్నారు. ఈ క్రెడిట్ చెల్లితేనే సిగ్నెకి పరీక్షలో చోటు.

"అక్కడేం తిన్నావే?"

"చేపలు. చేపల మాట ఇక ఈ జన్మలో ఎత్తకండి టీచర్."

నవ్వాను. జనవరి తర్వాత బళ్ళో నవ్వడం ఇదే మొదటిసారనుకుంటాను. ఎల్లుండికి మా ఆయన దొనాత్ పోయి మూడు నెలలు.

ఏప్రిల్ 15

ముందుగది కిటికీ ఇవాళ కూడా మూతపడలేదు. సందులో గుడ్డ కుక్కాను. మంచు కరగనీ, బాగుచేస్తాను అన్నాడు దొనాత్. మంచు కరిగి చాలా రోజులైంది.

ఏప్రిల్ 20, సోమవారం

వైస్ ప్రిన్సిపాల్ ఇల్మార్స్ పిలిపించాడు. బల్ల మీద సిగ్నె ఒప్పందం కాగితం. నా సంతకం పక్కన ఆయన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాడు.

"లియొంతీనా గారూ, పిల్ల బయల్దేరింది జనవరి పంతొమ్మిదిన. మీరు సంతకం పెట్టింది ఫిబ్రవరి రెండున."

"అవును. నేను బడికి వచ్చింది ఆ రోజే."

"బయల్దేరకముందే ముగ్గురి సంతకాలూ ఉండాలి. పిల్లది, మనది, వాళ్లది. లేకపోతే క్రెడిట్ చెల్లదు. ప్రాజెక్టు నియమాల్లో పేజీ పదకొండు. రాసింది మీరే."

నేనే రాశాను. ఎంతో గట్టిగా రాశాను కూడా.

"అప్పుడే వెనకటి తేదీ వేసి ఉంటే ఎవరడిగేవారండీ?" అన్నాడు.

"నేను దొంగ తేదీలు వేయను."

"అదే కదా వచ్చిన చిక్కు. ఇప్పుడు నేనూ వేయలేను."

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. జనవరి పదహారు, శుక్రవారంలోగా కాగితం తెచ్చివ్వమని ఆ పిల్లకి వారం ముందే చెప్పాను. తేలేదు. శుక్రవారంలోగా అంటే గురువారానికే తేవాలని ఎవరికైనా తెలుస్తుంది. శుక్రవారం పొద్దున్నే దొనాత్ పోయాడు. ఫిబ్రవరి రెండున వచ్చేసరికి కాగితం నా బల్ల మీద ఉంది, వాచ్‌మన్ పెట్టాడట. నాలుగు మడతలు పెట్టి, పైన ఏదో జిడ్డు మరక. వడ్రంగం పిల్లలు జిగురో మైనమో పూయకుండా ఒక్క కాగితం ఇవ్వలేరు. సంతకం పెట్టాను, ఆ రోజు తేదీ వేశాను. ఇందులో నా తప్పేముంది?

ఏప్రిల్ 22, బుధవారం

ఇల్మార్స్‌కి ఒక ముక్క రాసిచ్చాను. ప్రాజెక్టు నివేదికలో కూడా అదే వాక్యం: "విద్యార్థిని పత్రాన్ని ఆలస్యంగా సమర్పించినందువల్ల."

అబద్ధం కాదు. తేదీలే చెబుతున్నాయి.

మే ఇరవై ఒకటిన ఫలితాలు పంచుకునే సభ. పక్క ఊళ్ల మూడు బడులూ, ఇళ్లు కట్టేవాళ్ల సంఘం, జిల్లా మండలి, అందరూ వస్తారు. ఇకమీదట ఒకరి క్రెడిట్లు ఒకరు ఒప్పుకుంటామని ఆ రోజు సంతకాలు చేయాలి. మొట్టమొదటి పిల్ల కాగితం మీదే ప్రాజెక్టు నడిపినావిడ సంతకం ఆలస్యమైందని తెలిస్తే పెన్ను ఎవరు తీస్తారు? ముందు ముందు వెళ్ళాల్సిన పిల్లలందరూ నష్టపోతారు. వాళ్ల కోసమే రాశాను.

ఏప్రిల్ 24

సిగ్నె సంజాయిషీ ఇచ్చింది. ఒకటే లైను. "కాగితం సమయానికి ఇవ్వలేకపోయాను. తప్పు నాదే."

"ఎందుకివ్వలేకపోయావ్?"

కిటికీ వైపు చూసింది. "కుదర్లేదు టీచర్."

"కుదరకపోవడమేంటి? బస్సెక్కడానికి మాత్రం కుదిరిందిగా?"

"అవును టీచర్."

వెళ్ళిపోయింది. ఎదురు మాట్లాడి ఉంటే బాగుండేది. రెండు మాటలు అనేసి మర్చిపోయేదాన్ని.

ఏప్రిల్ 25

నేనన్నదాంట్లో తప్పు లేదు.

మే 4, సోమవారం

సెలవు. మా ఊరి ఆచారం ప్రకారం సమాధి మీద ఇసుక దంతెతో దువ్వి వచ్చాను. దొనాత్ అయితే గీతలు వాళ్ల అమ్మ సమాధి మీద దువ్వినట్టు వంపులు తిప్పేవాడు. నాకు తిన్నగానే వస్తాయి. నా పనులన్నీ అంతే, తిన్నగా.

మే 12

సభలో తెర మీద చూపించే బొమ్మలన్నీ సిద్ధం. తొమ్మిదో బొమ్మలో సిగ్నె ఫొటో. కిటికీ చట్రం ఎత్తి పట్టుకుని నవ్వుతోంది. పక్కన పెద్ద అక్షరాలతో "మా తొలి విజయం."

"పరీక్షకి కూర్చోవడం లేదన్న సంగతి చెప్పనక్కర్లేదు లెండి" అన్నాడు ఇల్మార్స్.

"ఎవరూ అడగరు" అన్నాను.

అమ్మాయిని కూడా పిలిచాం. నా పక్కన కుర్చీ వేస్తారు. వస్తావా అంటే తలూపింది.

మే 17, ఆదివారం

ఈ పేజీ రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

సాయంత్రం దారి పక్క శిలువ దగ్గర మే నెల భక్తి పాటలకి వెళ్ళాను. దొనాత్ పోయాక వెళ్ళడం ఇదే. అందరికీ ముందు గొంతెత్తేది వెనెరాందా అత్త. ఎనభై రెండేళ్లు. ఊళ్ళో ఎవరు పోయినా శవం దగ్గర కీర్తనలు పాడించేది కూడా ఆవిడే. పాటలయ్యాక నా చెయ్యి పట్టుకుని ఇంటి దాకా నడిచింది.

"ఆ వడ్రంగం పిల్ల వచ్చేసిందటగా? పాటలకి రమ్మనవే. గొంతు బాగుంటుంది. ఈ ముసలివాళ్లంతా తలుపు కిర్రుమన్నట్టు పాడతారు, చచ్చిపోతున్నా వీళ్లతో."

"దాని గొంతు మీరెక్కడ విన్నారత్తా?"

"నీ ఇంట్లోనే! బావుందే నీ వరస. దొనాత్‌ని ముందుగదిలో పడుకోబెట్టాం చూడు, ఆ ఆదివారం. నా పక్కనే నిలబడి కొవ్వొత్తి పట్టుకుంది. నాలుగు పూలు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. నువ్వెక్కడ చూశావులే, నువ్వప్పుడు మనిషిలా ఉన్నావా?"

నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం ఎవరొచ్చారో ఎవరు పోయారో నాకేమీ గుర్తు లేదు.

"మాటిమాటికీ కోటు జేబు తడుముకుంటోంది" అంది అత్త. "ఏమిటే అది, సిగరెట్లా అన్నాను. కాదండీ, కాగితం, టీచర్ సంతకం కావాలి, రేపు పొద్దున్నే బస్సు అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మొగుడి శవం దగ్గర కూర్చున్న ఆడదాని చేతికి పెన్నిస్తావటే, బుద్ధి ఉందా నీకు అని గడ్డి పెట్టాను. పాపం, నేనివ్వబోవట్లేదండీ అంది. జేబులోంచి సగం తీసిన కాగితం మళ్ళీ లోపల పెట్టేసుకుంది. ఆ పాడు కిటికీ సందులోంచి గాలి కొట్టి కొవ్వొత్తి ఒకటే కారడం, దాని చేతి మీదా, కాగితం మీదా. కదల్లేదే! కీర్తనలన్నీ అయిందాకా నిలబడింది."

నేను ఆగిపోయాను.

"ఏమిటే అలా చూస్తావు? నేనన్నది తప్పా?"

"లేదత్తా. ఎవరైనా అదే అంటారు."

అనకుండా ఎలా ఉంటారు. ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. మా ఊళ్ళో చావింట్లో కాగితం తీసిన మనిషిని పదేళ్లు చెప్పుకుంటారు.

బస్సెక్కడానికి మాత్రం కుదిరిందిగా. ఆ మాట నేనన్నాను. ఆ పిల్ల అవును టీచర్ అంది.

మే 18, సోమవారం

అసలు కాగితం తీసి చూశాను. మరక మైనమే. గోరు పెట్టి గీరితే పొడి రాలింది. సిగ్నె సంతకం కింద తేదీ జనవరి 18. ఇన్నాళ్లూ నా తేదీ తప్ప వేరే తేదీ చూడనే లేదు నేను.

వాచ్‌మన్‌ని అడిగాను. శుక్రవారం కూడా వచ్చిందట. బడి మూసేదాకా నా గది బయట బెంచీ మీద కూర్చుందట. "ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారమ్మా అంటే, అయితే విసిగించనులెండి అంది" అన్నాడు. సోమవారం తెల్లారకముందే వచ్చి కాగితం ఇతని చేతికిచ్చి బస్సెక్కింది.

ఇల్మార్స్ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు కీర్తనలు పాడించింది కూడా వెనెరాందా అత్తే.

"ఇది మంచి కారణం లియొంతీనా గారూ. కానీ కారణం తేదీ కాదు కదా."

"మరేం చేయాలి?"

"పరీక్షకి పేర్ల జాబితా ఇరవై రెండున వెళ్తుంది. ఇరవై ఒకటిన సభలో ఇది మీరే చెప్పండి, అందరి ముందూ. భాగస్వాములు ఒప్పుకుని సంతకాలు చేస్తే, వాటిని జత చేసి పరీక్షల బోర్డుకి నేను రాస్తాను. ఆ పైన బోర్డు ఇష్టం."

అందరి ముందూ. నాలుగేళ్లు కూడబెట్టుకున్న పేరంతా ఒక్క పూటలో పోతుంది. పోతే పోనీ.

ఏప్రిల్ 22న రాసిచ్చిన ముక్క సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది ఎవరికి గుర్తుంటుందిలే.

మే 20

చెబుతాను.

మే 21, గురువారం

చెప్పాను.

ఎనిమిది బొమ్మల దాకా మామూలుగానే నడిచింది. తొమ్మిదోది, ఆ ఫొటో, తెర మీదికి రాగానే చేతిలోని కాగితాలు పక్కన పెట్టేశాను. సిగ్నె నా పక్కనే ఉంది, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని. ఆమె వంక చూడకుండా చెప్పాను. ఈ అమ్మాయి క్రెడిట్ చెల్లలేదు, ఎందుకంటే నా సంతకం ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందంటే ఈమె మర్యాద గల పిల్ల. కీర్తనలు, కొవ్వొత్తి, మైనం అన్నీ చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

ముందు వరసలో ఒక బడి పెద్ద లేచాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఇవాళ చావంటారు, రేపు పెళ్ళంటారు. ఒకసారి సందు ఇస్తే రూలుకి విలువేముంటుంది?"

వెనకనించి ఇళ్ల సంఘం మేస్త్రి ఒకాయన గట్టిగా అన్నాడు, "ఏమమ్మాయ్, పగిలిన అద్దం తీసి కొత్తది బిగించగలవా?"

"గలనండీ."

"పాత చట్రం విరక్కుండా?"

"విరక్కుండానేనండీ."

"మరింకేంటయ్యా గొడవ! నా దగ్గర పదేళ్లుగా ఉన్నవాడు ఇప్పటికీ విరక్కొడుతున్నాడు."

నవ్వారు. నవ్వు ఒక్కోసారి ఎంత పని చేస్తుందో. మూడు బడుల్లో రెండు, సంఘం, మండలి సంతకాలు చేశాయి. ఇల్మార్స్ అక్కడికక్కడే ఉత్తరం రాశాడు. టీ దగ్గర మాంసం బన్నులు పంచుతుంటే అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ధైర్యవంతురాలివి అన్నారు. నాకూ అలాగే అనిపించింది, చెప్పొద్దూ.

ఆ ఏప్రిల్ ముక్క గురించి మాత్రం చెప్పలేదు. చెప్పాల్సినంత చెప్పాను కదా.

నాకు పూలిచ్చారు, ఐదు. ఇంటికొచ్చేసరికి బస్సులో ఒకటి విరిగింది, నాలుగు మిగిలాయి. సరిసంఖ్య బతికున్నవాళ్ల ఇంట్లో పెట్టుకోరు. తీసుకెళ్ళి దొనాత్‌కి ఇచ్చేశాను.

మే 29

బోర్డు నించి ఇంకా ఏమీ రాలేదు. రాకపోవడమే మంచిది అంటాడు ఇల్మార్స్. సిగ్నె వర్క్‌షాపులో పరీక్ష కోసం సాధన చేస్తోందట. నిన్న తలుపు సందులోంచి చూశాను. నన్ను చూసి చెయ్యూపింది.

జూన్ 5, శుక్రవారం

ఉత్తరం వచ్చింది.

"భాగస్వాముల లేఖను పరిశీలించాము. అయితే, సమన్వయకర్త ఏప్రిల్ 22న సంతకం చేసిన ప్రకటన ప్రకారం ఆలస్యానికి బాధ్యత విద్యార్థినిదే. విద్యార్థిని సంజాయిషీ కూడా దానినే ధ్రువపరుస్తున్నది. మే 21న చెప్పిన విషయం ఈ రెంటికీ విరుద్ధముగా ఉన్నందున పరిగణించలేము."

ఫైల్లో ఉంది. అన్నీ ఫైల్లోనే ఉంటాయి. ఇన్నేళ్లుగా పిల్లలకి నేను నేర్పిందదే.

ఫోన్ చేశాను. ఆ ముక్క తప్పు, నేనే రాశాను, వెనక్కి తీసుకుంటాను అన్నాను. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "అయితే మేడమ్, మీ సంతకాల్లో దేన్ని నమ్మమంటారు?"

ఫోన్ పెట్టేశాను. జాబితా ఖరారైపోయింది.

జూన్ 6

సభలో అందరి ముందూ ఏడ్చి కూడా ఆ ఒక్క వాక్యాన్ని దాచుకున్నాను. తప్పు జరిగినట్టు చెప్పాను గానీ తప్పు చేసినట్టు చెప్పలేదు. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

జూన్ 11, గురువారం

ఇవాళ పరీక్ష. ఆరుగురు మగపిల్లలు రాశారు. నేను బడికి వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పాను.

వెళ్ళలేదని రాశాను. వెళ్ళాను. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. సిగ్నె గేటు బయట నిలబడి, లోపలికెళ్తున్న వాళ్లకి ఎవరి ఉలి వాళ్లకి పదును పెట్టి ఇస్తోంది.

జూలై 9

ప్రాజెక్టుకి తుది మూల్యాంకనం వచ్చింది. చాలా బాగుంది అన్నారు. "పత్రాల నిర్వహణలో క్రమశిక్షణ, భాగస్వాముల మధ్య పరస్పర విశ్వాసం ప్రశంసనీయం."

సొరుగులో పెట్టేశాను.

జూలై 25, శనివారం

సమాధుల పండుగ. ఊరంతా శ్మశానంలోనే ఉంది. ఇసుక దువ్వి, పూలు పెట్టి, ఫాదర్ కోసం ఎదురుచూస్తున్నాం. వెనెరాందా అత్త ఎవరినో గొంతు సరిచేసుకోమని కసురుతోంది.

సిగ్నె వచ్చింది. నాలుగు తెల్ల పూలు. దొనాత్ దగ్గర పెట్టి, నా దంతె తీసుకుని ఇసుకని వంపులు తిప్పుతూ దువ్వింది. అడక్కుండానే.

"సోమవారం వెళ్తున్నాను టీచర్. ఫిన్లండ్‌కే. ఆ మేస్త్రి రమ్మన్నాడు. సర్టిఫికెట్ లేదు కాబట్టి సహాయకురాలి జీతమే ఇవ్వగలనన్నాడు, ఆయన చేతుల్లో లేదట. పని మాత్రం నా పనే."

"ఏప్రిల్లో నాకెందుకు చెప్పలేదే? ఇంటికొచ్చానని, కాగితం జేబులోనే ఉందని ఒక్క మాట?"

ఇసుకలో ఇంకో వంపు తిప్పింది.

"నేనొచ్చింది మీకు గుర్తు లేదని అర్థమైంది టీచర్. గుర్తు చేస్తే ఆ రోజంతా మళ్ళీ గుర్తు చేయాలి కదా."

నేను ఆమెకి ఏప్రిల్ 22 ముక్క గురించి చెప్పాను. మొత్తం, ఏ తేదీన, ఏ వాక్యం, ఎందుకు. తెలుసు టీచర్ అంది. బోర్డు ఉత్తరం ఆమెకీ వచ్చిందట. తెలిసే పూలు తెచ్చింది.

"ఆ కిటికీ మూతపడుతోందా?" అని అడిగింది.

"లేదు."

మధ్యాహ్నం పనిముట్ల పెట్టెతో వచ్చింది. చట్రం ఊడదీసి, పుచ్చిన ముక్క కోసి, కొత్త చెక్క అతికి, అద్దం చుట్టూ లప్పం రాసింది. అద్దం పట్టుకోనా అంటే, వద్దు టీచర్, మీరు కూర్చోండి అంది. దొనాత్‌ని పడుకోబెట్టిన చోటే కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ఎవరి సాయమూ లేకుండా చేసింది. వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూతపడింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, ఆమె వెళ్ళిందాకా ఆపుకున్నాను.

జూలై 27, సోమవారం

పొద్దున్నే బస్టాండుకి వెళ్ళాను. ఫారం కాదు, తెల్ల కాగితం. సిగ్నె పాత కిటికీలు ఎవరి సాయమూ లేకుండా బాగుచేయగలదు, నా ఇంట్లోదే సాక్ష్యం అని రాశాను. జనవరిలో ఈమె కాగితం సమయానికే తెచ్చింది, ఏప్రిల్లో నేను రాసింది అబద్ధం అని కూడా రాశాను. ఆ కాగితంతో ఆమెకి ఎక్కడా ఏదీ రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె సూట్‌కేసు మీదే పెట్టి సంతకం చేశాను.

"తేదీ టీచర్" అంది.

వేశాను. బస్సు కదలడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.